కీళ్లనొప్పుల చేతికి క్లారినెట్టు

(సంఘ వార్షికోత్సవమున జరిగిన సంగీత గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)

పెండ్లి ఊరేగింపులో డప్పుల మ్రోతను, బాకాల హోరును చీల్చుకొని రాగమును పైకి తెచ్చు నల్లని పొడుగాటి వాద్యమును ఎరుగని తెలుగువారుండరు. పాతకాలమువారు దానిని నేటికిని 'క్లారియొనెట్టు' అనియే పిలుతురు. అది పుట్టినది 1700 ప్రాంతమున, జర్మనీ దేశములోని న్యూరెంబర్గు నగరమున. యోహాన్ క్రిస్టాఫ్ డెన్నర్ అను వాద్యనిర్మాత దానికి రూపము నిచ్చెనని ప్రసిద్ధి. మన దక్షిణదేశమునకు అది పటాలముల బ్యాండ్ల వెంట వచ్చినది. తంజావూరు మహదేవ నట్టువనారు 1860 ప్రాంతమున దానిని నాట్యమేళములోనికి తెచ్చిరని చెప్పుదురు. ఆ తరువాత చాలకాలము చిన్నమేళములో నర్తకికి వెనుక నిలిచి వాయించు వాద్యముగానే ఉండెను. దానిని కచేరీ వేదిక నడుమ కూర్చుండబెట్టిన ఘనత తిరుచిరాపల్లి ఎ. కె. సి. నటరాజన్ గారిది. 1931లో జన్మించిన ఆ విద్వాంసునకు 2008లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదమును, 2022లో పద్మశ్రీయును లభించినవి.

అయితే నేటి ప్రసంగము క్లారినెట్టు చరిత్రను గూర్చి కాదు. ముప్పది నలుబది సంవత్సరములు ఆ వాద్యమును పట్టిన చేతికి కీళ్లవాతము సంక్రమించినపుడు ఏమి చేయవలెను, ఎట్టి పాత వాద్యమును వెదకి కొనవలెను అను విషయమును గూర్చి. ఇది వైద్యమునకు, సంగీతమునకు, బేరసారములకు మూడింటికిని సంబంధించిన ప్రశ్న. మూడింటిలో ఏ ఒక్కదానిని విస్మరించినను డబ్బు పోవును, చేయియు పోవును.

ఉదాహరణమునకు, రాజధానిలో లెక్కల శాఖలో పనిచేసి విశ్రాంతి గైకొన్న ఒక తెలుగు పెద్దను తీసికొందము. గోదావరి ప్రాంతమువారు. తండ్రిగారు ఒక జమీందారీ బ్యాండులో క్లారినెట్టు వాయించెడివారు. ఆ వాద్యమే కుమారునకు సంక్రమించినది. పగలు ఆయ వ్యయముల పట్టికలు, సాయంకాలము తోడి, కల్యాణి. సంఘమువారు జరుపు త్యాగరాజ ఆరాధనలో ఏటేట పంచరత్నముల గోష్ఠికి ఆయన క్లారినెట్టు తోడుండవలసినదే. అరువది ఆరవ యేట ఎడమచేతి ఉంగరపు వ్రేలి చివరి కణుపు లావెక్క నారంభించెను. కొంతకాలమునకు వ్రేలి కొస చూపుడు వ్రేలి వైపు వంగెను. రంధ్రముపై వ్రేలు చదునుగా ఆనదయ్యెను. సందులోనుండి గాలి జారి, పలుకవలసిన స్వరమునకు బదులు కీచుమను ధ్వని వెలువడుచుండెను. మొదట ఆయన రీడును నిందించిరి. పిదప ఢిల్లీ చలిని నిందించిరి. తప్పు చేతిదని ఒప్పుకొనుటకు ఒక సంవత్సరము పట్టినది.

ఇంటివారి మాట ఇట్లుండెను: "నాన్నగారూ, ఇంక చాలదూ? హాయిగా హార్మోనియం పట్టుకోకూడదూ?" గాలివాద్యకారునకు ఇంతకంటె కఠినమైన మాట మరియొకటి ఉండదు. హార్మోనియము చేసిన పాపమేమియు లేదు. కాని ఊపిరితో పాడినవాడు తోలుతిత్తితో పాడుమన్న ఎట్లు పాడగలడు?

క్లారినెట్టు వ్రేళ్లను ఇంతగా ఏల శ్రమపెట్టునో తెలిసికొనినచో పరిష్కారము సగము తెలిసినట్లే. వేణువులోను, నాదస్వరములోను ఊపిరి బలమును పెంచినచో అవే వ్రేళ్ల అమరికకు అదే స్వరము పై స్థాయిలో పలుకును. కావున ఏడెనిమిది రంధ్రములతో పని గడచిపోవును. క్లారినెట్టు లోపలి గొట్టము ఇంచుమించు ఆద్యంతము ఒకే వెడల్పు కలది; మౌత్‌పీసు వైపు కొన మూసియున్నట్లే ప్రవర్తించును. అందుచేత ఎడమ బొటనవ్రేలి వద్దనున్న మీటను నొక్కినపుడు స్వరము ఒక స్థాయి మాత్రమే కాక, దానిని దాటి పంచమమునకు ఎగురును. మంద్రషడ్జమును పలికించు వ్రేళ్లే మధ్యస్థాయి పంచమమును పలికించును. నడుమ మిగిలిన ఖాళీని పూరించుటకు అదనపు రంధ్రములు కావలెను. వ్రేళ్లకు అందని ఆ రంధ్రములకు మీటలు కావలెను. 1812 ప్రాంతమున ఇవాన్ ముల్లర్ పదమూడు మీటల వాద్యమును చేసెను. 1839 - 1844 సంవత్సరముల నడుమ పారిసులో క్లోజే అను ఆచార్యుడును, బుఫే అను నిర్మాతయు కలిసి నేటి రూపమును స్థిరపరచిరి. దీనినే బోమ్ పద్ధతి అందురు. దీనిలో 24 రంధ్రములు, 17 మీటలు, 6 ఉంగరములు ఉండును. మూతలు లేని ఏడు రంధ్రములను వ్రేలి కొస కండతోనే మూయవలెను. రెండు చేతుల చిటికెన వ్రేళ్లును తలా మూడు నాలుగు మీటల మధ్య జారుచుండవలెను. పది వ్రేళ్లలో స్వరముతో నిమిత్తము లేనిది కుడి బొటనవ్రేలొక్కటే. దానికి విశ్రాంతి యనుకొనరాదు. సుమారు ముప్పాతిక కిలో బరువును మోయుచున్నది అదియే.

కీళ్లవాతమని మనము ఒక్క మాటతో సరిపెట్టునది వైద్యుల లెక్కలో ఒక్క వ్యాధి కాదు. వయస్సుతోపాటు కీలు అరిగి వచ్చునది ఒకటి. అది వ్రేళ్ల చివరి కణుపులను, బొటనవ్రేలి మూలమును పట్టును. చివరి కణుపుల వద్ద ఏర్పడు గట్టి బుడిపెలకు విలియం హెబర్డెన్ అను ఆంగ్ల వైద్యుని పేరు పెట్టిరి. 1802లో ముద్రితమైన ఆయన గ్రంథములో వాటి వర్ణన కలదు. రెండవది శరీరముయొక్క రక్షణశక్తియే కీళ్లపై తిరుగబడుట వలన కలుగు వాతము. అది తరచుగా రెండు చేతుల పిడికిలి కణుపులను, నడిమి కణుపులను ఒకేసారి పట్టి, ఉదయము లేవగానే గంటసేపు చేయి ముడుచుకొనలేని బిగువును తెచ్చును. ఈ రెండవదానికి తొలినాళ్లలోనే తగిన మందు పడినచో కీళ్లను చాలవరకు కాపాడుకొనవచ్చును. ఆలస్యమైనచో పోయిన కీలు తిరిగి రాదు. కావున వాద్యముల దుకాణమునకు పోవుటకు ముందు వైద్యుని వద్దకు పోవలెను. 1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు కార్డు మనలో చాలమంది జేబులలో ఉన్నది. దానిని దగ్గు మందునకు మాత్రమే వినియోగించుట మన అలవాటు.

ఈ పెద్దమనిషికి ఉన్నది మొదటి రకము. ఎడమ ఉంగరపు వ్రేలు, కుడి బొటనవ్రేలి మూలము, ఈ రెండే బాధకు స్థానములు. ఏ కీలు చెడినదో స్పష్టముగా తెలిసినపుడే ఏ వాద్యము కావలెనో చెప్పుటకు వీలగును. చిటికెన వ్రేలు చెడినవానికి పనికివచ్చు వాద్యము ఉంగరపు వ్రేలు చెడినవానికి పనికిరాకపోవచ్చును.

పాత ఢిల్లీలో గాలివాద్యములను బాగుచేయు ఒక ముసలి పనివాడు ఆయనకు మొదటి మేలు చేసెను. ఆతడు క్లారినెట్టును అమ్మజూపలేదు. తండ్రిగారి వాద్యమునే చేతికి తీసికొని, పై భాగముయొక్క రంధ్రములన్నిటిని మూసి, క్రింది కొనను అరచేతితో అదిమి, పై కొనను నోట పెట్టి గాలిని లోనికి పీల్చెను. గొట్టము గట్టిగా ఉన్నచో లోపల శూన్యమేర్పడి క్షణకాలము నిలువవలెను. నిలువలేదు. పిదప సిగరెట్టు చుట్టు పలుచని కాగితపు పీలికను ఒక్కొక్క ప్యాడు క్రింద ఉంచి మెల్లగా లాగి చూచెను. ఏడు ప్యాడ్లు కాగితమును పట్టలేదు. ప్యాడు కారుచున్నపుడు వాద్యకారుడు తనకు తెలియకయే మీటను గట్టిగా నొక్కును. ఏండ్ల తరబడి అట్లు నొక్కుట వలన కీలునకు కలుగు చేటు ఇంతింత కాదు. చాలమంది వ్రేళ్ల నొప్పియని భ్రమించునది సగము వాద్యపు నొప్పియే. ఆ పనివాడు ప్యాడ్లు మార్చి, బిగువైన స్ప్రింగులను సడలించి, బొటనవ్రేలు ఆను కొక్కెమునకు మెత్తని రబ్బరు తొడుగు వేసి ఇచ్చెను. రీడును కూడ మూడవ నంబరు నుండి రెండున్నరకు తగ్గించుమని చెప్పెను. గట్టి రీడును కొరికిపట్టు దవడతోపాటు చేతులు కూడ బిగిసిపోవుననుట వాద్యకారులకు అనుభవైకవేద్యము. ఈ మార్పులతో ఒకటిన్నర సంవత్సరము సాఫీగా గడచినది.

తరువాత వ్రేలు మరికొంత వంగినది. అప్పుడు కదా పాత క్లారినెట్టుకై వేట మొదలైనది.

ఆయన మొదటి కొనుగోలు పెద్ద పొరపాటు. ఒక పాతసామానుల దుకాణములో నల్లని చిన్న పెట్టెలో ఇంగ్లండులో తయారైన క్లారినెట్టు ఒకటి కనబడెను. చేతికి తీసికొనగానే వ్రేళ్లకు హాయి తోచెను. రంధ్రములు కొంచెము దగ్గరగా ఉన్నవి, మీటలు తక్కువ, బరువును తక్కువ. చెక్కపై 'హెచ్. పి.' అను రెండు అక్షరములు చెక్కియున్నవి. అవి ఏమని అడుగగా దుకాణదారుడు, అది మొదటి తరగతి సరుకునకు గుర్తు అని ధైర్యముగా చెప్పెను. లెక్కల శాఖలో ముప్పది నాలుగేండ్లు ఇతరుల వోచర్లను శంకించిన వ్యక్తి ఆ మాటను మాత్రము శంకింపలేదు. ఇంటికి తెచ్చి హార్మోనియముతో కలిపి చూచిరి. వాద్యము అర స్వరములో సగము హెచ్చుగా నిలిచెను. బ్యారెల్‌ను ఎంత వెలుపలికి లాగినను ప్రయోజనము లేకపోయెను. పై స్వరములు దిగి, క్రింది స్వరములు దిగక, వాద్యము తనలో తానే కలహించుకొనెను.

ఆ అక్షరముల అర్థము 'హై పిచ్'. అనగా హెచ్చు శ్రుతి. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధములో బ్రిటిషు పటాలముల బ్యాండ్లు సెకనుకు సుమారు 452 కంపనముల ఆధారశ్రుతిని పాటించెడివి. ఇరువదవ శతాబ్దములో కూడ కొంతకాలము వరకు ఆ అలవాటు సాగినది. నేటి ప్రమాణము 440. తక్కువ శ్రుతికి చేసిన వాటిపై 'ఎల్. పి.' అని ఉండును. పటాలములు పారవేసిన వాద్యములు మన దేశపు పాతసామానుల అంగళ్లలో నేటికిని తిరుగుచుండును గనుక ఈ రెండక్షరముల భేదమును ప్రతివారును గుర్తుంచుకొనవలసినదే. గుర్తు చెరిగిపోయినచో కొలబద్ద చాలును. మామూలు బి-ఫ్లాట్ క్లారినెట్టు మౌత్‌పీసు లేకుండ 59, 60 సెంటీమీటర్లుండును. హెచ్చు శ్రుతిది దానికంటె సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు పొట్టి. ఆ పొట్టితనమే ఆయన వ్రేళ్లకు హాయి గొలిపినది! న్యాయముగా చెప్పవలెనన్న ఆ వాద్యము పూర్తిగా వ్యర్థమేమియు కాదు. తంబురాను, వయొలిన్‌ను దాని శ్రుతికే సవరించి ఒంటరిగా వాయించుకొనవచ్చును. కాని హార్మోనియమును, పదిమంది గాయకులను చెంత నిడుకొని ఆరాధనలో వాయింపవలసినవానికి అది కొరగాదు. దుకాణదారుడు సొమ్ము తిరిగి ఇయ్యలేదని వేరుగ చెప్పనక్కరలేదు.

మిత్రులు తలకొక సలహా చెప్పిరి. ఇ-ఫ్లాట్ చిన్న క్లారినెట్టు కొనుమనిరి. దాని రంధ్రములు దగ్గరగా ఉన్నమాట నిజమే గాని, గొంతు సన్నగా కీచుగా ఉండును, పెదవులకు శ్రమ ఎక్కువ. ఆల్టో క్లారినెట్టునకు రంధ్రములపై మూతలుండును. కాని అది పెద్దది, బరువైనది. ఒకరు శాక్సఫోనును సూచించిరి. ఈ సలహా తక్కినవానివలె తేలికగా త్రోసివేయదగినది కాదు. శాక్సఫోను రంధ్రములన్నియు మూతల క్రిందనే ఉండును. బరువును మెడపట్టీ మోయును. పై స్థాయికి అవే వ్రేళ్లు చాలును. కాని అరువది ఎనిమిదవ యేట తండ్రినాటి గొంతును మార్చుకొనుటకు ఆయన మనస్సు అంగీకరింపలేదు. దీనిని మొండితనమనువారు అనవచ్చును.

చివరకు ఆ ముసలి పనివాడే దారి చూపెను. ఫ్రెంచివారు పూర్వము ఒక రకపు క్లారినెట్టును తయారుచేసిరనియు, దానిలో వ్రేళ్లతో మూయు రంధ్రములన్నిటికిని ఉంగరములకు బదులు చదునైన మూతలుండుననియు, దానిని 'ప్లాటో' రకమందురనియు చెప్పెను. వ్రేలి కొస కండ రంధ్రమును కప్పనక్కరలేదు. మూతపై వ్రేలు ఏ మూల పడినను, కణుపుతో తాకినను, మూత దిగి రంధ్రము మూతపడును. వంగిన వ్రేలునకు, స్పర్శ తగ్గిన వ్రేలునకు, కొస తెగిన వ్రేలునకు కూడ ఇది ఉపయోగించును. నార్మండీలోని లా కూతూర్-బూస్సే గ్రామము తరతరములుగా గాలివాద్యములకు ప్రసిద్ధి. అచ్చటి లెబ్లాంక్ సంస్థ నోబ్లే అను పేరుతో ఈ రకమును చేసెను. ఆ సంస్థకు అమెరికాలో, చికాగో నగరమునకు ఉత్తరముననున్న కెనోషా పట్టణమున శాఖ ఉండెడిది. 2004లో అది కాన్-సెల్మర్ సంస్థ చేతిలోనికి పోయినది. నోబ్లే పేరిట ఈ మూతల క్లారినెట్టు తయారగుట ఆగిపోయినది గనుక, కావలసినవారు పాతదానినే వెదకుకొనవలెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. అమ్మువారు దానిని చెప్పరు, వైద్యులు దానిని ఎరుగరు. మన సంగీతమునకు గమకము ప్రాణము. తోడి గాంధారమును ఊపవలెనన్నను, శంకరాభరణములో ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు జారవలెనన్నను, క్లారినెట్టు విద్వాంసుడు వ్రేలిని రంధ్రముపై నుండి కొంచెము కొంచెముగా తొలగించును. రంధ్రము పావువంతు, సగము, ముప్పాతిక తెరచినకొలది స్వరము జారును. మూతకు ఈ విద్య తెలియదు. అది మూసియుండును, లేదా తెరచియుండును. పాశ్చాత్య సంగీతమునకును, చాల సినిమా పాటలకును దీనివలన నష్టము స్వల్పము. కర్ణాటక సంగీతమునకు మాత్రము నష్టము చిన్నది కాదు. వ్రేలిని కాపాడు వాద్యమే గమకమును హరించును. ఈ నిజమును దాచి ప్లాటో క్లారినెట్టును పొగడుట వాద్యకారునకు ద్రోహము.

అయినను నిరాశ చెందనక్కరలేదనుటకు సాక్ష్యము లేకపోలేదు. కద్రి గోపాలనాథ్ గారు (1949 - 2019) అన్ని రంధ్రములకును మూతలున్న శాక్సఫోనుపై నిండు కర్ణాటక కచేరీలు చేసిరి. పెదవి బిగువుతోను, దవడతోను, ఊపిరితోను వారు స్వరములను వంచిరి. క్లారినెట్టుపై కూడ ఇది కొంతవరకు సాధ్యమే. ఎడమ బొటనవ్రేలి మీటకు పైనున్న స్వరములను పెదవి సడలించి క్రిందికి దింపవచ్చును. దిగువ స్వరములు అంతగా లొంగవు. కనుక షడ్జమును ఎచ్చట నిలిపి వాయింతుమో ఆలోచించి, గమకము ఎక్కువగా పడు స్వరములు పై భాగములో వచ్చునట్లు చూచుకొనుట వివేకము.

మరియొక మధ్యేమార్గము కూడ ఉన్నది. నేర్పరియైన పనివాడు మామూలు క్లారినెట్టులో చెడిన వ్రేలి రంధ్రమునకు మాత్రము మూతను అమర్చి, తక్కినవానిని యథాతథముగా విడువగలడు. ఒక్క వ్రేలే చెడినవానికి ఇదియే ఉత్తమమని తోచును. కాని చెక్కను తొలిచి స్తంభములను బిగింపవలెను; ఒకసారి తొలిచిన చెక్క మరల పూడదు. తండ్రిగారి వాద్యమును తొలుచుటకు కుమారుడు ఒప్పుకొనలేదు. ఆ పనివాడును ఒత్తిడి చేయలేదు.

చికాగో సమీపమున ఉద్యోగము చేయుచున్న మేనల్లునకు కబురు పోయెను. ఆ ప్రాంతమున బడిపిల్లల బ్యాండ్లు విస్తారము. పాత వాద్యముల క్రయవిక్రయములును విస్తారమే. మామగారు పంపిన సూచనల పత్రము ఆడిటు నివేదికవలె ఉండెను. పై భాగములో, ముఖ్యముగా పైనున్న చిన్న రంధ్రముల పరిసరములలో, చెక్కపై వెండ్రుకవంటి చీలిక ఉన్నదేమో భూతద్దముతో చూడవలెను. చీలికను సరిగా పూడ్చి బిగించియున్నచో భయము లేదు, తెరచియున్నచో కొనరాదు. భాగములను కూర్చినపుడు అతుకుల వద్ద కదలిక ఉండరాదు. మీటలను ప్రక్కకు ఊపి చూడవలెను. ఊగినచో ఇరుసులు అరిగినట్లు. స్ప్రింగులపై తుప్పు, మరలు బిగుసుకొనిపోవుట గమనింపవలెను. ఇక ప్యాడ్ల మాట. ప్యాడ్లు మంచివని అమ్మువాడు ఎంత చెప్పినను నమ్మక, అన్నిటిని మార్పించుటకగు ఖర్చును ధరలో కలిపియే లెక్క చూడవలెను. పాత వాద్యము కొన్న ధరను మరమ్మతు ధర మించిపోవుట తరచు జరుగు సంగతి. ఈ రకమునకు మామూలు క్లారినెట్టుకంటె ఏడు ప్యాడ్లు అదనము, అనగా గాలి కారుటకు ఏడు దారులు అదనము. కావున ఆ మరమ్మతు అచ్చటనే చేయించి పంపవలెను.

మేనల్లుడు ఫోనులో నవ్వెను. "మామయ్యా, పాత వస్తువుకు ఇన్ని పరీక్షలా? కొత్తదే ఏదైనా చూడమంటే చూస్తాను గదా!"

"కొత్త అల్లుణ్ణి చూడటమైనా తేలిక గాని ఇది కాదురా. చెప్పినట్లు చెయ్యి" అని ఈయన జవాబు.

నాలుగు నెలలలో మూడు వాద్యములు పరీక్షకు నిలువలేదు. ఒకదానికి చీలిక, ఒకదానికి ఇరుసులు అరిగిపోయినవి, మూడవదానిని అమ్మువాడు మరమ్మతు పనివానికి చూపనిచ్చుటకు నిరాకరించెను. పరీక్షకు వెరచువాని సరుకును వదలుకొనుటయే మేలు. నాలుగవది దొరికినది. చెక్కది, నోబ్లే, చూపునకు కొంత మాసినది. మెరుగు పోయిన మీటలను చూచి వెనుకాడనక్కరలేదు. మెరుగు కంటికి, బిగువు చెవికి. ప్యాడ్లన్నియు మార్పించి, బొటనవ్రేలి కొక్కెమునకు మెడపట్టీ తగిలించు వలయము కూడ పెట్టించి, శీతకాలపు సెలవులలో మేనల్లుడు చేతి సంచిలో తెచ్చెను. ఈ చెక్క ఆఫ్రికా నల్లచేవ, మన ఇరుగుడు చెట్టునకు దాయాది. ఈ జాతి చెక్కల అంతర్జాతీయ వ్యాపారముపై 2017లో ఆంక్షలు వచ్చినవి. తయారైన సంగీత వాద్యములకు 2019లో మినహాయింపు లభించినది. లెక్కల శాఖవారు గనుక ఈ సంగతిని కూడ ముందుగానే విచారించుకొనిరి.

జనవరి మాసపు ఢిల్లీ పొడిగాలికి చెక్క పగులకుండ మొదటివారము దినమునకు పది నిమిషములకు మించి వాయింపలేదు. మెడపట్టీ బరువులో చాలభాగమును తీసికొనుటచే కుడి బొటనవ్రేలు తేరుకొనెను. వంగిన ఉంగరపు వ్రేలు మూతపై అడ్డదిడ్డముగా పడినను స్వరము తడబడక పలికెను. రెండేండ్లుగా తప్పించుకొని తిరిగిన ఆ ఒక్క స్వరమును ఆయన ఆ ఉదయము ఎన్నిమారులు ఊదిరో! ఇంటిలోనివారికి విసుగు పుట్టినను ఎవ్వరును అడ్డుచెప్పలేదు. కొన్ని స్వరములలో నాదము కొంచెము మూగవోయినట్లుండుట నిజము. రంధ్రముపై మూత వ్రేలాడుచుండుటచే అది తప్పదు.

తోడి మాత్రము రాలేదు. గాంధారము మెట్లపై అడుగులు వేసినట్లు టకటక నడచెను. ఆయన వాద్యమును పెట్టెలో పెట్టి ఆ దినమునకు మరల తీయలేదని ఇంటివారు చెప్పుదురు. మరునాటినుండి పెదవితో వంచు సాధన మొదలయ్యెను. ఉదయము చేతులను గోరువెచ్చని నీటిలో ఉంచి, బిగువు సడలిన పిదప ఇరువది నిమిషములు. సాయంకాలము ఇరువది నిమిషములు. నొప్పి పుట్టినచో అచ్చటనే ఆపుట. పూర్వము రెండు గంటలు ఏకధాటిగా వాయించిన చేతికి ఈ నిబంధన మ్రింగుడుపడుట కష్టమే అయినది.

ఆ యేటి ఆరాధనలో పంచరత్నములకు ఆయన తన తావున కూర్చుండిరి. నాటలోను, ఆరభిలోను క్లారినెట్టు తక్కిన గొంతులతో కలిసి నిండుగా నడచెను. గౌళ రిషభము వచ్చినచోట పెదవితో వంచిరి. ఎరిగినవారికి తేడా తెలిసినది, తక్కినవారికి తెలియలేదు. వరాళిలో కొన్ని సంగతులను గాయకులకే వదలి ఊరకుండిరి. చివర పిల్లలతో కలిసి ముత్తుస్వామి దీక్షితులవారి నోటుస్వరములు కొన్ని వాయించిరి. ఈ ఎన్నిక అందరి మెప్పును పొందినది. ఇంగ్లీషువారి బ్యాండు వరుసలకు దీక్షితులవారు సంస్కృత సాహిత్యమును కూర్చి చేసిన సుమారు నలుబది చిన్న రచనలలోనివి అవి. శంకరాభరణపు స్వరములే గాని గమకముల బరువు లేదు. బ్యాండుతోపాటు మన దేశమునకు వచ్చిన వాద్యము, బ్యాండు నుండి పుట్టిన మన పాట. మూతల క్లారినెట్టునకు ఇంతకంటె అనువైనది దొరకదు. తోడి వాయింపవలెనని మనసైనపుడు ఆయన నేటికిని తండ్రిగారి వాద్యమునే తీయుదురు, అయిదు నిమిషములు, ఉంగరపు వ్రేలు ఓర్చినంతవరకు.

సభ ముగిసి అందరును లేచుచుండగా ఆయన వాద్యమును విడదీసి లోపలి తడిని గుడ్డతో తుడుచుచుండిరి. నోటుస్వరములు పాడిన పిల్లలలో ఒకడు దగ్గరకు వచ్చి తేరిపార చూచి, "తాతగారూ, దీనికి చిల్లులేవీ?" అని అడిగెను. ఆయన పై భాగమును దీపము వైపు త్రిప్పి, ఉంగరపు వ్రేలి మూత క్రింది సందులోనుండి వానికి చూపిరి.